రెండు పెన్‌సెల్లులు, ఏడు ట్రాన్సిస్టర్లు: రేడియో కిట్‌తో నా ఆరు నెలలు

ముందు నేను కొన్నది ఏమిటో చెప్తాను. ఏఎం రేడియో కిట్. తయారైన రేడియో కాదు, విడిభాగాలు. జిప్ కవర్లో ఏడు ట్రాన్సిస్టర్లు, ఒక పచ్చ బోర్డు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, రంగురంగుల తలలున్న నాలుగు చిన్న కాయిళ్ళు, ఒక ఫెర్రైట్ కడ్డీ, స్పీకరు, ప్లాస్టిక్ డబ్బా ఉంటాయి. సోల్డరింగ్ చేసుకుని రేడియోగా మార్చుకోవడం మన పని. జనవరిలో పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో 380 రూపాయలకు తెచ్చుకున్నాను. కవరు మీద కంపెనీ పేరు లేదు, చైనాలో తయారైనది అని మాత్రం తెలుస్తుంది. ఆ తర్వాత ఇంకో ఐదు తెప్పించాను. ఎందుకు తెప్పించానో, దీనిలో ఏం బాగుందో, ఏం బాగాలేదో రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లోనో బీటెక్‌లోనో ఈసీఈ చదివే పిల్లలున్న ఇళ్ళవాళ్ళకీ, నాలాగా పాఠం చెప్పేవాళ్ళకీ ఉపయోగపడుతుంది.

నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో పందొమ్మిదేళ్ళుగా ఎలక్ట్రానిక్స్ చెప్తున్నాను. ఉండేది ఏలూరు. ప్రతి ఏడాదీ బోర్డు మీద అవే డబ్బాలు గీస్తాను. సమాచారం పుట్టే చోటు, ట్రాన్స్‌మిటర్, ఛానెల్, నాయిస్, రిసీవర్, చివర వినేవాడు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో రాసిన పేపర్లో ఉన్న బొమ్మకి దగ్గర బొమ్మే అది. (మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైందీ 1948 డిసెంబరు 1నే. ఈ రెండూ ఒకే సంవత్సరం అని పిల్లలకి చెప్పడం నాకు ఇష్టం.) పిల్లలు ఆ డబ్బాలు చక్కగా గీస్తారు, స్కేలు పెట్టి బాణాలు వేస్తారు, పదికి తొమ్మిది తెచ్చుకుంటారు. కానీ ఒకసారి వైవాలో ఒక అమ్మాయిని రిసీవర్లో మిక్సర్ (రెండు ఫ్రీక్వెన్సీలని కలిపి కొత్తది పుట్టించే దశ) అంటే ఏమిటమ్మా అని అడిగితే, అంతా చెప్పి చివర్లో, "మేడమ్, అది నిజంగా ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు. మా ల్యాబ్‌లో ట్రైనర్ కిట్లు ఉన్నాయి. కానీ వాటి లోపల ఏముందో పైన అచ్చేసిన గీతల మీద నమ్మకంతో ఒప్పుకోవాలి. వైర్లు గుచ్చి, తరంగం చూసి, గ్రాఫ్ పేపరు మీద గీసి ఇంటికి వెళ్తారు. ఆ అమ్మాయికి వేలుపెట్టి చూపించగలిగేది ఏదైనా కావాలనుకున్నాను. ఈ కిట్ కొన్నది అందుకే.

కవరు విప్పగానే వచ్చిన మొదటి చిరాకు లీఫ్‌లెట్. ఒకే కాగితం, ఎక్కువ భాగం చైనా లిపి, మిగిలింది అర్థంకాని ఇంగ్లీషు. సర్క్యూట్ బొమ్మ మాత్రం శుభ్రంగా ఉంది, విడిభాగాల పట్టిక ఉంది. కొత్తవాళ్ళు ఆ కాగితం ఒక్కటే నమ్ముకుని కూర్చుంటే సాయంత్రానికి నిస్సత్తువ వస్తుంది. నేను తెచ్చిన ఆరు కిట్లలో ఒకదానిలో ఒక రెసిస్టరు తక్కువైంది, ఇంకోదానిలో ఒకే రకం కెపాసిటర్ రెండు ఎక్కువ వచ్చి, కావాల్సింది లేదు. ఇవి రూపాయి వస్తువులే, ల్యాబ్ డ్రాయర్లో దొరికాయి. కానీ ఇంట్లో ఒంటరిగా చేసుకునే పిల్లాడికి ఆ రూపాయి వస్తువు లేకపోతే పని ఆగిపోతుంది. కొన్న రోజే పట్టిక పెట్టుకుని లెక్క చూసుకోండి, రెసిస్టర్ల రంగుల మీద నమ్మకం పెట్టుకోకుండా మల్టీమీటర్‌తో కొలవండి.

చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండుంటాయి. ఒకటి స్పీకరుకి ముందు, ఒకటి దానికి వెనక దశలో. సైజులో రెండూ ఒకటే, తలమీద చుట్టిన టేపు రంగే తేడా. మార్చి పెడితే రేడియో గొంతు నొక్కినట్టు పలుకుతుంది. మా పిల్లల్లో ఒక జట్టు అదే చేసింది. బోర్డుకి పెట్టే ముందు చుట్ల రెసిస్టెన్స్ కొలిచి, స్పీకరు వైపు చుట్టు ఏదో గుర్తుపట్టాలి. అన్నిటికన్నా తక్కువ ఓమ్‌లు చూపించేది అదే.

ఇక బోర్డు. ఈ కిట్‌లో నాకు బాగా నచ్చిన విషయం బోర్డే. ట్రాన్సిస్టర్ల వరుస సిలబస్ వరుసలోనే ఉంటుంది. మొదటిది ఆసిలేటర్ (రేడియో లోపలే ఒక తరంగాన్ని పుట్టించేది) పనీ మిక్సర్ పనీ కలిపి చేస్తుంది. రెండు, మూడు ఐఎఫ్ ఆంప్లిఫైయర్లు (ఐఎఫ్ అంటే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, ఏ స్టేషన్‌నైనా దించే మధ్య ఫ్రీక్వెన్సీ). నాలుగోది పేరుకి ట్రాన్సిస్టరే, కానీ బేస్, కలెక్టర్ కలిపేసి డయోడ్‌లా వాడారు, అదే తరంగం నుంచి మాటని విడదీసే డిటెక్టర్. ఐదోది ఆడియో డ్రైవర్, ఆరు, ఏడు స్పీకరుని నడిపే పుష్‌పుల్ జంట. అంతేకాదు, కొన్ని దశల దగ్గర రాగి దారిని కావాలని తెంపి చిన్న సందు వదిలారు. ఆ సందులో మిల్లీఅమ్మీటర్ పెట్టి ఆ దశ ఎంత కరెంటు తీసుకుంటోందో చూసి, సరిగా ఉంటే సందుని సోల్డర్ చుక్కతో మూసేయాలి. నాది మొదటి దశలో 0.3 మిల్లీఆంప్ దగ్గర చూపించింది. ఒక దశ బతికిందని తెలిశాకే తర్వాతి దశకి వెళ్తాం. పాఠ్యపుస్తకంలో డబ్బా డబ్బాకి మధ్య గీసే బాణం ఉంది చూశారా, ఇక్కడ ఆ బాణం ఒక సోల్డర్ చుక్క. ఇది ఆలోచించి బోర్డు డిజైన్ చేసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళు కచ్చితంగా పిల్లలకి పాఠం చెప్పినవాళ్ళే అనిపించింది.

నేను రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేశాను. సెల్లులు వేసి స్విచ్ తిప్పితే సుయ్‌మని శబ్దం వచ్చింది. స్టేషన్ ఒక్కటీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా అదే శబ్దం. కరెంట్లన్నీ సరిగా ఉన్నాయి. ఎక్కడ తప్పు?

ఇక్కడ ఒక పాత చిట్కా చెప్తాను, సీఆర్‌ఓ (తరంగాన్ని తెరమీద చూపించే పరికరం) లేనివాళ్ళకి బంగారం లాంటిది. ఏఎం రిసీవర్ అన్న మాటే గానీ, దాని లోపలి ఆసిలేటర్ ఒక చిన్న ట్రాన్స్‌మిటర్. దాని నుంచి కొంచెం సిగ్నల్ బయటికి కారుతూనే ఉంటుంది. మా నాన్నగారి పాత రేడియో తెచ్చి పక్కన పెట్టి, 1300 కిలోహెర్ట్జ్ దగ్గర స్టేషన్ లేని చోట ఉంచాను. నా కిట్ చక్రం మెల్లగా తిప్పుతూ పోతే, ఒక చోట నాన్నగారి రేడియోలో గరగర ఒక్కసారిగా అణిగి నిశ్శబ్దం అయింది. ఇంకొంచెం తిప్పితే గరగర మళ్ళీ వచ్చింది. అంటే నా ఆసిలేటర్ పలుకుతోంది, దాని క్యారియర్ (స్టేషన్లు మాటని ఎక్కించి పంపే ఉత్త తరంగం లాంటిది) ఆ రేడియోకి అందుతోంది. అయితే తప్పు ఆసిలేటర్లో లేదు, దానికి ముందు ఉంది. ముందు ఉన్నది ఏంటెనా కాయిల్ ఒక్కటే. ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన ఆ సన్నటి రాగి తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. ట్యూనింగ్ చుట్టు ఒక కొసన నేను ఆ పూత సరిగా గీకలేదు. పైకి సోల్డర్ మెరుస్తూ అందంగా ఉంది, లోపల తీగకి, బోర్డుకి సంబంధమే లేదు. బ్లేడుతో గీకి, ముందు తీగకి సోల్డర్ పూసి, మళ్ళీ అతికించాను. వెంటనే విజయవాడ వచ్చింది.

నాన్నగారికి ఎనభై దాటాయి. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు డబ్బులు కట్టి ముద్ర వేయించుకున్న తరం ఆయనది. పక్కగదిలోంచి, "విజయవాడేనా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. లేచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బల్ల మీద డబ్బా కూడా లేకుండా తీగలతో పరిచి ఉన్న ఆ బోర్డు వైపు చూస్తూ వార్తలు అయ్యేదాకా విన్నారు.

ఇప్పుడు పాఠం సంగతి. 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ, 738 మీద హైదరాబాద్, 927 మీద విశాఖపట్నం, 900 మీద కడప. ఈ నాలుగు అంకెల్నీ తొమ్మిదితో భాగించమని క్లాసులో అడుగుతాను. అన్నీ నిశ్శేషంగా పోతాయి. మన దగ్గర మీడియం వేవ్‌లో స్టేషన్లని 9 కిలోహెర్ట్జ్ దూరంలో అమర్చారు కాబట్టి. అంటే ఒక్కో స్టేషన్‌కి క్యారియర్‌కి ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర వాటా. పక్క స్టేషన్ మీద పడకూడదంటే పాటలో దానికన్నా సన్నటి స్వరాలు పోవాల్సిందే. వేణువు, తాళాల మెరుపు ఏఎంలో ఎందుకు మొద్దుబారి వినిపిస్తాయో దీనితో తెలుస్తుంది. సైడ్‌బ్యాండ్ (క్యారియర్‌కి అటూఇటూ మాట ఆక్రమించే భాగం) అన్న మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చెవితో వినగలిగే ఉదాహరణ మరి.

అసలు మాటని నేరుగా గాలిలోకి ఎందుకు పంపకూడదు, క్యారియర్ ఎందుకు అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. 3 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి అలాగే పంపాలంటే దాని తరంగం పొడవు 100 కిలోమీటర్లు. పావు తరంగం ఏంటెనా వేసినా 25 కిలోమీటర్ల స్తంభం కావాలి. అదే మాటని 837 కిలోహెర్ట్జ్ క్యారియర్ మీద ఎక్కిస్తే తరంగం 358 మీటర్లు, పావు వంతు 90 మీటర్లు. అంత ఎత్తు స్తంభం కట్టొచ్చు. ఒకే నగరంలో పది గొంతులు కలవకుండా పంపడం కూడా క్యారియర్ల వల్లే.

ఇక ఈ కిట్‌ని నాకు దగ్గర చేసిన సంగతి ట్యూనింగ్. సూపర్‌హెటరోడైన్ పద్ధతి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో సైన్యంలో ఉన్నప్పుడు కనిపెట్టాడు. ఏ స్టేషన్ వచ్చినా దాన్ని ఒకే మధ్య ఫ్రీక్వెన్సీకి దించి, అక్కడ తీరిగ్గా పెంచుకోవడం దాని కిటుకు. ఈ కిట్‌లో ఆ మధ్య ఫ్రీక్వెన్సీ 465 కిలోహెర్ట్జ్. మన పుస్తకాల్లో 455 అని ఉంటుంది, చైనాలో 465 వాడతారు. ఈ పది కిలోహెర్ట్జ్ తేడా తర్వాత పెద్ద కథ అయింది, వస్తాను. విజయవాడ 837కి పెడితే ఆసిలేటర్ 1302 దగ్గర, హైదరాబాద్ 738కి పెడితే 1203 దగ్గర. తేడా ఎప్పుడూ 465.

ఆసిలేటర్ స్టేషన్ కన్నా పైనే ఎందుకు ఉండాలి, 465 కింద ఉంటే కూడా తేడా అదే కదా? పందొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్నకి జవాబు నేనే పుస్తకంలో వాక్యంగా చెప్పాను. ఈసారి గ్యాంగ్ కండెన్సర్ (చక్రం తిప్పితే కెపాసిటీ మారి స్టేషన్ పట్టే భాగం) చేతికిచ్చి లెక్క వేయించాను. బ్యాండు 531 నుంచి 1602 దాకా, అంటే మూడు రెట్లు. ఫ్రీక్వెన్సీ మూడు రెట్లు మారాలంటే కెపాసిటీ తొమ్మిది రెట్లు మారాలి. ఆసిలేటర్ పైన ఉంటే 996 నుంచి 2067 దాకా, రెండు రెట్లకి కొంచెం ఎక్కువ. కెపాసిటీ నాలుగు రెట్లు పైచిలుకు మారితే చాలు. కింద పెడితే 66 నుంచి 1137 దాకా, పదిహేడు రెట్లు. కెపాసిటీ దాదాపు 300 రెట్లు మారాలి. ఆ ప్లాస్టిక్ పొరల గ్యాంగ్ వల్ల అయ్యే పనేనా? లెక్క చేసిన కుర్రాడు తన చేతిలో ఉన్న గ్యాంగ్‌ని తిప్పి తిప్పి చూశాడు. గ్యాంగ్‌లో రెండు భాగాలు సమానంగా ఎందుకు లేవో, ఆసిలేటర్ భాగం ఎందుకు చిన్నదో వాడే చెప్పాడు. నేను చెప్పలేదు.

అలైన్‌మెంట్‌కి (కాయిళ్ళని సరైన ఫ్రీక్వెన్సీకి సర్దడానికి) ఒక మాట. కాయిళ్ళ తలలు రంగులతో ఉంటాయి. ఎరుపు ఆసిలేటర్, పసుపు, తెలుపు, నలుపు వరుసగా మూడు ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు. మొదట ఈ మూడిటినీ నలుపు నుంచి వెనక్కి వస్తూ గట్టి శబ్దం వచ్చేలా సరిచేయాలి. తర్వాత బ్యాండు అడుగున ఎర్ర కోర్ తిప్పి స్టేషన్‌ని డయల్ మీద దాని చోటికి తేవాలి, కడ్డీ మీద కాయిల్‌ని అటూఇటూ జరిపి శబ్దం పెంచాలి. బ్యాండు పైకొసన అవే రెండు పనులు ట్రిమ్మర్లతో (సన్నగా సర్దుకునే చిన్న కెపాసిటర్లతో). మళ్ళీ కిందకి, మళ్ళీ పైకి, రెండు మూడు సార్లు. దీనికి ఇనుప స్క్రూడ్రైవర్ పనికిరాదు. ఇనుము దగ్గరికి రాగానే కాయిల్ విలువ మారిపోతుంది, తీసేశాక సరిచేసింది పోతుంది. కిట్‌లో ప్లాస్టిక్‌ది ఇవ్వలేదు, ఇవ్వాల్సింది. మేం వెదురు పుల్ల చెక్కి వాడాం. కోర్లు చాలా పెళుసు. గట్టిగా తిప్పితే చిట్లుతాయి, ఒకటి చిట్లింది కూడా.

కాలేజీలో సీఆర్‌ఓ కింద పెట్టిన రోజు గురించి రాయకుండా ఉండలేను. సిగ్నల్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ మాడ్యులేషన్‌తో (క్యారియర్ మీద ఎక్కించిన స్వరంతో) ఏఎం ఇచ్చి, దాని తీగ చుట్టను కడ్డీ పక్కన పెట్టాం. మూడో దశ దగ్గర ప్రోబు (సీఆర్‌ఓ కొలత తీగ) పెడితే తెరమీద ఎన్వలప్ (మాటని బట్టి మారే తరంగం అంచు) కనిపించింది. పొట్ట ఉబ్బుతూ తగ్గుతూ ఉన్న ఆ ఆకారం, పరీక్షలో అందరూ గీసేదే. ప్రోబుని డిటెక్టర్ తర్వాతికి జరిపితే పైఅంచు మాత్రం మిగిలింది, నున్నటి ఒకే అల. అప్పుడు జనరేటర్ ఆపి, విజయవాడ పెట్టాం. ఎన్వలప్ ఇప్పుడు ఒక మనిషి గొంతుతో ఉబ్బుతోంది. వ్యవసాయం గురించి ఎవరో మాట్లాడుతున్నారు. ఆయన ఆగితే క్యారియర్ తిన్నగా పట్టీలా ఉంటోంది, మాట మొదలుపెడితే అంచులు కదులుతున్నాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. వైవాలో ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు పాసైపోయి వెళ్ళిపోయింది, ఆ రోజు ఆమె అక్కడ ఉంటే బాగుండేదని చాలా అనిపించింది. ప్రోబు పది రెట్ల స్థానంలో పెట్టుకోండి, లేకపోతే ఐఎఫ్ ట్యూనింగ్ చెదిరి సిగ్నల్ పడిపోతుంది.

నాయిస్ అన్న డబ్బాకి విడిగా ఉదాహరణ వెతకక్కర్లేదు. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు వేస్తే చాలు, ఫోన్ ఛార్జర్ పెడితే చాలు, రేడియో బుర్రుమంటుంది. లోపల స్విచింగ్ సర్క్యూట్ల వల్ల. పిల్లలు కిట్ పట్టుకుని కాలేజీ అంతా తిరిగి ఎక్కడెక్కడ రొద ఎక్కువో చూసొచ్చారు. కరెంటు పోయిన సమయంలో అదే రేడియో ఎంత శుభ్రంగా పలుకుతుందో విన్నాక, సిగ్నల్‌కి, నాయిస్‌కి నిష్పత్తి అన్న మాట మళ్ళీ వివరించలేదు.

దిక్కు కూడా పట్టిస్తుంది ఇది. ఫెర్రైట్ కడ్డీ కొస స్టేషన్ వైపు చూస్తే శబ్దం తగ్గుతుంది, కడ్డీ అడ్డంగా ఉంటే పెరుగుతుంది. ఏలూరుకి విజయవాడ పడమర. మా మేడ మీద కడ్డీ తూర్పు పడమరలుగా పెడితే గొంతు దాదాపు పోతుంది, ఉత్తర దక్షిణాలుగా తిప్పితే నిండుగా వస్తుంది.

రాత్రి సంగతి వేరు. పగలు మీడియం వేవ్ తరంగాలు నేల వెంట పాకినంత దూరమే వస్తాయి, పైకి వెళ్ళినవాటిని అయనోస్ఫియర్లో (ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశ పొరల్లో) కింది పొర పీల్చేస్తుంది. సూర్యుడు దిగాక ఆ పొర కరిగిపోతుంది, తరంగాలు ఇంకా పైనున్న పొరలను తాకి మళ్ళీ నేలకి వస్తాయి. రాత్రి ఎనిమిది దాటాక మా మేడ మీద 738 హైదరాబాద్, 720 చెన్నై రెండూ దొరికాయి. మధ్య దూరం 18 కిలోహెర్ట్జ్. ఈ రెండూ కలవకుండా విడిగా వినిపిస్తే మీ ఐఎఫ్ అలైన్‌మెంట్ బాగా కుదిరినట్టు. గొంతు కాసేపు పెరిగి కాసేపు కుంగుతుంది. రెండు దార్లలో వచ్చిన అలలు ఒకసారి కలిసి, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. డిటెక్టర్ నుంచి వెనక్కి వెళ్ళే ఏజీసీ (శబ్దాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆ కుంగుబాటుని కొంతవరకు సరిచేస్తుంది, పూర్తిగా కాదు.

ఇప్పుడు ఆ 465 కథ. ఆరు కిట్లూ పూర్తయ్యాక, రాత్రి విశాఖ 927 పెడితే ఆరింటిలోనూ ఈల. చక్రం కొద్దిగా తిప్పితే ఈల సన్నం నుంచి లావుకి దిగి, మాయమై, మళ్ళీ సన్నంగా పైకి లేస్తుంది. విజయవాడ మీద లేదు, హైదరాబాద్ మీద లేదు, కడప మీద లేదు. మొదట నా సోల్డరింగ్‌ని అనుమానించాను. ఆరింటికీ ఒకే తప్పు ఎలా వస్తుంది? మూడు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక లెక్క తట్టింది. 465కి రెట్టింపు 930. డిటెక్టర్ దగ్గర ఐఎఫ్ రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ తరంగం) పుడుతుంది, అది అరచేయంత బోర్డు మీదే ఉన్న ఫెర్రైట్ కడ్డీకి చేరి, బయటి నుంచి వచ్చే 927తో ఢీకొంటుంది. తేడా 3 కిలోహెర్ట్జ్, చెవికి వినిపించే ఈల. ఐఎఫ్ 455 అయితే రెట్టింపు 910, అప్పుడు 927 జోలికి రాదు. మూడు ఐఎఫ్ కోర్లనీ జనరేటర్ పెట్టి 455కి దించాను, ఆసిలేటర్ మళ్ళీ సరిచేశాను. విశాఖ ఈల లేకుండా వచ్చింది.

చైనాలో పిల్లలకి 465తో ఈ ఇబ్బంది రాకపోవచ్చు. మన తెలుగు నేల మీద వస్తుంది, ఎందుకంటే మనకి 927 మీద ఒక స్టేషన్ ఉంది. అమ్మేవాళ్ళకి ఇది తెలియదు, లీఫ్‌లెట్‌లో ఉండదు. అందుకే ఇంత వివరంగా రాశాను.

ఆరింటిలో మూడింటిని 455కి మార్చి, మూడింటిని ఈలతోనే వదిలేశాను. కారణం కనిపెట్టండని కొత్త బ్యాచ్‌కి ఇస్తున్నాను.

మిగతా లోపాలు గబగబా చెప్తాను. స్పీకరు నాసిరకం, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. 8 ఓమ్‌ల మంచి స్పీకరు బయట పెట్టి వింటే ఈ సర్క్యూటే ఎంత బాగా పలుకుతుందో తెలుస్తుంది. డయల్ మీద అంకెలు సుమారుగా మాత్రమే కలుస్తాయి. సెల్లుల స్ప్రింగులు వదులు. గ్యాంగ్ కాళ్ళకి ఎక్కువసేపు వేడి తగిలితే లోపలి ప్లాస్టిక్ కరిగి బరబరమంటుంది, రెండు మూడు సెకన్లలో ముగించాలి. 25 వాట్ల ఐరన్ చాలు, అంతకన్నా పెద్దది వద్దు.

ఎఫ్‌ఎం ఇందులో రాదు. ఎఫ్‌ఎం కావాలంటే ఒకే ఐసీతో వచ్చే కిట్లు ఇదే ధరకి దొరుకుతాయి, అరగంటలో అయిపోతాయి, శబ్దం శుభ్రంగా ఉంటుంది. ఇంట్లో పాటలకైతే అదే కొనండి. నేర్చుకోవడానికి మాత్రం నేను దాన్ని చెప్పను. అన్ని దశలూ ఆ నల్లటి ఐసీ పొట్టలో ఉంటాయి, ప్రోబు పెట్టడానికి చోటుండదు.

ట్రైనర్ కిట్లని తీసిపారేయమని నేను అనడం లేదు. మాడ్యులేషన్ శాతాన్ని మెల్లగా పెంచుతూ వంద దాటితే తరంగం ఎలా తెగుతుందో అవి చక్కగా చూపిస్తాయి, ఈ కిట్ చూపించలేదు. మా దగ్గర ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ వైపు పాఠానికి ట్రైనర్, రిసీవర్ వైపు పాఠానికి ఈ కిట్. ఇద్దరికి ఒకటి ఇస్తే సరిపోతుంది. ముగ్గురిని కూర్చోబెడితే ఒకరు చూస్తూ ఉండిపోతారు, అది గమనించాను.

మీరు గుజరాతీ గల్లీకే వెళ్ళేట్టయితే, కవరు బయటి నుంచే నాలుగు కాయిళ్ళ రంగులు చూసుకోండి. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు నాలుగూ ఒక్కొక్కటి ఉండాలి. నాకు చూపించిన ఒక కవర్లో పసుపు రెండుండి తెలుపు లేదు. షాపతను మారుమాట లేకుండా ఇంకో కవరు ఇచ్చాడు.